కావలిలో అంటే కావలిలో ఎక్కడ?

(కావలిలో ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసి ఏర్పాటు చేసుకున్న సాయంత్రపు సభలో నెల్లూరు న్యాయవాది ఒకరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మనుషులను గుర్తుపట్టే వీలు లేకుండా కేసుల వివరాలను వక్తే మార్చి చెప్పారు.)

అందరికీ నమస్కారం. కరపత్రంలో నా ప్రసంగానికి "విడిపోయిన దంపతులు, పిల్లల ఉమ్మడి సంరక్షణ" అని పేరు వేశారు. అంత బరువైన పేరు చూసి కూడా ఇంతమంది వచ్చారంటే, చివర్లో కాఫీ ఉందని ఎవరో చెప్పి ఉండాలి. (నవ్వులు)

నేను మీ ఊరి బస్టాండు నుంచి మొదలుపెడతాను.

చాలా ఏళ్ల కిందటి సంగతి. తల్లిది ఒంగోలు, తండ్రిది నెల్లూరు. పిల్లవాడికి ఏడేళ్లు. కోర్టు మెట్లు ఎక్కకముందే రెండు వైపుల పెద్దమనుషులు కూర్చున్నారు. కూర్చుని స్టాంపు కాగితం మీద ఎనిమిది పేరాలు రాయించారు. పెళ్లిలో పెట్టిన బంగారం ఎన్ని సవర్లు, అందులో గొలుసెంత, గాజులెంత, ఇత్తడి బిందెలెన్ని, బీరువా ఎవరిది, ఏ తారీఖున ఎవరి ఖర్చుతో అది ఎవరి ఇంటికి చేరాలి, అన్నీ రాశారు. బీరువాకు తాళంచెవులు రెండని, రెండూ అప్పగించాలని కూడా రాశారు. ఎనిమిదో పేరాలో పిల్లవాడి గురించి ఒకే ఒక్క వాక్యం. "బాబును నెలకు రెండు పర్యాయములు తండ్రి వద్దకు పంపుటకు, ఉభయుల సౌకర్యార్థము కావలిలో అప్పగించుటకు అంగీకరించడమైనది."

ఒంగోలుకు, నెల్లూరుకు కావలి ఇంచుమించు సగం దారి కాబట్టి ఆ ఆలోచన మంచిదే. మొదటి శనివారం తల్లి బాబును బస్సులో తీసుకొచ్చి బస్టాండులో కూర్చుంది. తండ్రి రైల్లో వచ్చి స్టేషన్లో నిలబడ్డాడు. అప్పటికే ఒకరి ఫోను నంబరు ఒకరు బ్లాక్ చేసుకుని ఉన్నారు. రెండు గంటలు గడిచాయి. "ఆయనకు బిడ్డ అక్కర్లేదు" అనుకుని ఆమె, "కావాలనే తీసుకురాలేదు" అనుకుని ఆయన, ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. బస్టాండు నుంచి స్టేషనుకు ఆటోలో ఎంతసేపో నాకన్నా మీకే బాగా తెలుసు. సోమవారం ఇద్దరూ చెరొక లాయరు దగ్గరికి వెళ్లారు. అందులో ఒక లాయరును నేను.

బీరువాకు రెండు తాళంచెవులని గుర్తుపెట్టుకున్నవాళ్లకు, కావలిలో అంటే కావలిలో ఎక్కడ అని అడగాలని తోచలేదు. ఆ పెద్దమనుషులను ఆడిపోసుకోవడానికి ఇది చెప్పడం లేదు. తరవాత నేను చూసిన కోర్టు రాజీ పత్రాలు ఎన్నో అంతే. అందులో కొన్ని నేనే రాశాను. బిడ్డ విషయానికి వచ్చేసరికి మనకు మాటలు మెత్తబడతాయి. "అనుకూలమును బట్టి", "సెలవులలో", "తగు రీతిని" అని రాసేస్తాం. వివరంగా రాస్తే ప్రేమను అనుమానించినట్టు ఉంటుందని మన భయం. ఈ ముప్ఫై ఏళ్లలో నా దగ్గరికి వచ్చిన తగాదాల్లో పెద్ద వంతు పెద్ద విషయాల మీద రాలేదు. ఆ మెత్తని మాటల్లోంచి వచ్చాయి.

చట్టం సంగతి ముందు చెప్పేస్తాను. చట్టంలో రెండు మాటలున్నాయి, మనం రెండింటినీ ఒకే మూట కడతాం. ఒకటి సంరక్షకత్వం, గార్డియన్ అంటామే, అది. బిడ్డ ఆస్తికి, చదువుకు, సంతకాలకు సంబంధించిన బాధ్యత. రెండోది కస్టడీ. బిడ్డ ఏ ఇంట్లో నిద్ర లేస్తుంది, జడ ఎవరు వేస్తారు, జ్వరం వస్తే రాత్రి ఎవరు మేలుకుంటారు అన్నది అది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఆరో సెక్షన్లో సహజ సంరక్షకుడు తండ్రి, "అతని తరవాత" తల్లి అని ఉంది. ఈ "తరవాత" మీద 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు అర్థం చెప్పింది. తండ్రి చనిపోయిన తరవాత అనే కాదు, ఆయన బిడ్డను పట్టించుకోని పరిస్థితి ఉన్నా, దూరంగా ఉండి బాధ్యత తీసుకోలేకపోయినా, తల్లి సంరక్షకురాలే అని.

అదే సెక్షన్ ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలంటుంది. దీని మీద మన రెండు జిల్లాల్లో గట్టి అపోహ ఒకటి ఉంది, ఐదేళ్లు నిండిన మర్నాడు బిడ్డ తండ్రి వాటాకు వెళ్లిపోతుందని. కూతురి ఐదో పుట్టినరోజు నాడు ఒకాయన కారు మాట్లాడుకుని నేరుగా మా ఆఫీసుకు వచ్చాడు. "ఈ రోజుతో గడువు తీరింది కదా మేడం, వెళ్లి తెచ్చుకోనా?" అన్నాడు. తాకట్టు విడిపించుకోవడానికి వచ్చినట్టు వచ్చాడు. నేను ఆయన చేత పదమూడో సెక్షన్ చదివించాను. అన్నిటికన్నా ముందు చూడవలసింది బిడ్డ సంక్షేమం అని అందులో ఉంటుంది. ఐదేళ్ల మాట కూడా దానికి లోబడిందే.

ముస్లిం కుటుంబాల్లో తల్లి దగ్గర బిడ్డ ఉండే హక్కును హిజానత్ అంటారు. హనఫీ సంప్రదాయంలో మగపిల్లవాడికి ఏడేళ్లు వచ్చేదాకా, ఆడపిల్ల వ్యక్తురాలయ్యేదాకా. ఏ మతం వారైనా చివరికి వచ్చి నిలబడేది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ముందు. అక్కడ ప్రశ్న మళ్లీ అదే, బిడ్డకు ఏది మంచిది? దావా ఎక్కడ వేయాలో కూడా ఆ చట్టమే చెబుతుంది. బిడ్డ మామూలుగా ఎక్కడ ఉంటోందో ఆ ప్రాంతపు కోర్టులో. ఒకసారి వచ్చిన ఉత్తర్వు రాతి మీద గీత కూడా కాదు. ఇద్దరూ ఒప్పుకుని తీసుకున్నదైనా సరే, బిడ్డ మేలు కోరితే మార్చవచ్చని 1973లోనే రోజీ జాకబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లలు ఆస్తులూ కారు, తల్లిదండ్రుల ఆటవస్తువులూ కారు అని గట్టిగా అన్నది కూడా ఆ తీర్పులోనే.

ఇక ఉమ్మడి కస్టడీ. మన చట్టాల్లో ఆ మాట లేదు. లా కమిషన్ 2015లో ఇచ్చిన 257వ నివేదికలో దాన్ని ఒక మార్గంగా చట్టంలో పెట్టమని, తల్లిదండ్రులు పెంపకం మీద రాతపూర్వకమైన ప్రణాళిక తయారు చేసుకునేలా చూడమని సిఫారసు చేసింది. అది చట్టం కాలేదు. అలాగని కోర్టులు ఊరుకోలేదు. 2013లో కర్ణాటక హైకోర్టు ఒక కేసులో అబ్బాయిని జనవరి నుంచి జూన్ దాకా తండ్రి దగ్గర, జూలై నుంచి డిసెంబరు దాకా తల్లి దగ్గర ఉంచమంది. పత్రికల్లో అది రాగానే మా దగ్గరికి తండ్రులు ఆ కత్తిరింపు పట్టుకుని వరుస కట్టారు. "మాకూ ఆరు నెలలు రాయండి" అని.

నేను అడిగే ప్రశ్న ఒకటే. మీరు ఒక ఊరు, ఆమె ఒక ఊరు. బడి ఏ ఊళ్లో? ఆరు నెలలకోసారి బడి మారుస్తారా? చెరి సగం అనేది పొలం గట్టు దగ్గర బాగుండే లెక్క. బిడ్డకు స్నేహితులుంటారు, లెక్కల మాస్టారు ఉంటాడు, వీధి చివర కుక్కపిల్ల ఉంటుంది. వాటిని సగం చేయలేం. ఆస్ట్రేలియావాళ్లు 2006లో చట్టం మార్చి, విడిపోయినా బాధ్యత ఇద్దరికీ సమానమే అనే భావన నుంచి కోర్టు మొదలుకావాలన్నారు. జనం దాన్ని సమాన రోజులని చదువుకున్నారు. చివరికి 2023లో మళ్లీ సవరణ తెచ్చి ఆ భావనను తీసేశారు. కేసు కేసుకూ బిడ్డ పరిస్థితి చూడండి అన్నారు. వాళ్లు ఓడిపోయారని నేననను. రోజుల లెక్క మీద మొదలయ్యే సంభాషణ రోజుల లెక్క మీదే ముగుస్తుందని అక్కడా తెలిసింది, ఇక్కడా తెలుస్తోంది.

అందుకని నా దగ్గరికి వచ్చేవాళ్లను నేను రోజుల గురించి చివర అడుగుతాను. ముందు పనులు అడుగుతాను. టీకాల కార్డు ఎవరి దగ్గర ఉంది? పాపకు ఉబ్బసం ఉంది కదా, ఇన్‌హేలరు ఒకటేనా, రెండు ఇళ్లల్లో రెండు ఉంచుతారా? బడిలో తల్లిదండ్రుల సమావేశానికి ఎవరు వెళతారు? ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం ఎవరిది? ఒకాయన రెండు గంటలు తన హక్కుల గురించి మాట్లాడాడు. మీ అబ్బాయి చెప్పుల సైజు ఎంతండీ అని అడిగాను. మౌనం. ఆయన చెడ్డవాడని కాదు, ఆ పని ఏనాడూ ఆయనదనుకోలేదు, అంతే. తరవాతి వాయిదాకు వచ్చినప్పుడు నేను అడగకుండానే చెప్పాడు, "రెండో నంబరు మేడం, కానీ వేలు తగులుతోంది, మూడు కొనాలి" అని. ఆ రోజు ఆయనకు నెలకు రెండు ఆదివారాలు అదనంగా ఇప్పించడం నాకు కష్టం కాలేదు. ఎదుటి పక్షం ఆమె కూడా ఆ మాట విన్నది.

కాగితంలో ఏం రాయాలి అంటారా. పండగలతో మొదలుపెట్టండి, గొడవలు అక్కడే ఎక్కువ. "సంక్రాంతికి తండ్రి దగ్గర" అని రాస్తారు. సంక్రాంతి అంటే భోగి తెల్లవారుజాము నుంచా, పండగ రోజు ఒక్కటేనా, కనుమ దాటాకా? ముక్కనుమ నాడు ప్రయాణం చేయకూడదని నాయనమ్మ ఆపేస్తే? ఇది నవ్వులాట కాదు, దీని మీద ఒక ధిక్కార పిటిషన్ పడింది. రొట్టెల పండగ సంగతి ఇంకా చిత్రం. ఒక జంట తమ ఒప్పందంలో, బారాషహీద్ దర్గాకు పాపను నాయనమ్మ తీసుకెళ్లాలని ఆ ఏటి తారీఖులు వేసి రాసుకున్నారు. ఆ పండగ మొహర్రంతో వస్తుంది, ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది. మరుసటి ఏడు తారీఖులు ఒకచోట, పండగ ఒకచోట. తల్లి తారీఖు పట్టుకుంది, తండ్రి పండగ పట్టుకున్నాడు. ఉగాది, రంజాన్, వినాయక చవితి, ఏదైనా సరే పేరుతో రాయండి, తారీఖుతో వద్దు. ఆ కేసు గుర్తొచ్చినప్పుడల్లా ఇంకొకటి కూడా గుర్తొస్తుంది. దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఆ దంపతులిద్దరూ ఒకప్పుడు బిడ్డ కలగాలని సంతాన రొట్టె పట్టుకున్నారట. ఆమే చెప్పింది, కోర్టు వరండాలో, ఎవరూ అడగకుండానే.

వేసవి సెలవులు సులువు, నెలన్నర ఉంటుంది కాబట్టి రెండు ముక్కలు చేసుకోవచ్చు. చిన్న పిల్లలకు మాత్రం నెల రోజుల ఎడబాటు చాలా పొడవు. మూడేళ్ల బిడ్డకు కొద్దిసేపైనా తరచుగా కనబడాలి. పదేళ్ల పిల్లవాడు మూడు వారాలు హాయిగా ఉండగలడు. పదిహేనేళ్లవాడికి మీ ఇద్దరికన్నా వాడి క్రికెట్ జట్టు ముఖ్యం, ఆ సంగతి తెలుసుకుని మనసు కష్టపెట్టుకోకండి. ఒకే ఏర్పాటు పద్దెనిమిదేళ్లూ సాగుతుందనుకోవద్దు. రెండేళ్లకోసారి కూర్చుని మార్చుకుంటామని ఒప్పందంలోనే ఒక వాక్యం పెట్టుకోండి.

నెల్లూరు అంటే హాస్టళ్లు కదా. పదో తరగతి అయిందో లేదో బిడ్డ రెసిడెన్షియల్ కాలేజీలో ఉంటుంది. అప్పుడు కస్టడీ ఎవరిది? కాగితం మీద తల్లిది, నిజానికి వార్డెనుది. (నవ్వులు) నెలకొక ఔటింగ్ ఆదివారం ఇస్తారు. గేటు దగ్గర విజిటరు కార్డు మీద ఎవరి ఫొటో ఉంటే వాళ్లకే బిడ్డ. మీ ఒప్పందంలో నెలకు నాలుగు ఆదివారాలు ఉన్నా, కార్డు మీద మీ ఫొటో లేకపోతే గేటు బయట చెట్టు కింద కూర్చోవాలి. ఆ చెట్టు కింద ఒక తండ్రిని, ఇంకోసారి ఒక తల్లిని చూశాను. తల్లి చేతిలో చేపల పులుసు గిన్నె. చేర్పించే రోజునే ఇద్దరి పేర్లు, ఇద్దరి ఫొటోలు ఇవ్వండి. ఔటింగులు ఒక నెల ఆమెకు, ఒక నెల ఆయనకు అని రాసుకోండి. పరీక్ష దగ్గరపడి ఔటింగ్ రద్దయితే వంతు మారుతుందా, అలాగే ఉంటుందా అన్నది కూడా.

ఫోను. 2020లో యశిత సాహు కేసులో సుప్రీంకోర్టు, బిడ్డ దగ్గర లేని తల్లి గాని తండ్రి గాని రోజూ ఐదు పది నిమిషాలైనా బిడ్డతో మాట్లాడగలగాలని, కుదిరితే వీడియోలో చూడగలగాలని చెప్పింది. కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు నుంచి బెంగళూరు పనులకు వెళ్లినవాళ్లకు ఇది చాలా పెద్ద మాట. కాని అమలులో ఏం జరుగుతుంది? ఫోను స్పీకరులో పెట్టి పక్కన ముగ్గురు కూర్చుంటారు. నాన్న "ఏం తిన్నావమ్మా" అంటాడు, అమ్మమ్మ పక్కనుంచి "చెప్పు, నువ్వు పంపిన డబ్బులకు ఏం తింటానని" అని అందిస్తుంది. ఆ ఐదు నిమిషాలు బిడ్డకు పరీక్షలా అయిపోతుంది. కాబట్టి సమయం రాయండి, హోంవర్కు అయిపోయాక ఏడున్నర అనుకోండి, బిడ్డ ఒంటరిగా ఒక గదిలో మాట్లాడుతుందని కూడా రాయండి. రాయడం కఠినంగా అనిపిస్తే నా దగ్గరికి రండి, నేను మెత్తగా రాసిపెడతాను, అర్థం మాత్రం మెత్తబడదు.

డబ్బు మాట ఒక్కటి చెప్పి వదిలేస్తాను. ఖర్చు ఇవ్వలేదని బిడ్డను చూపించకపోవడం, చూపించలేదని ఖర్చు ఆపడం, ఈ రెండూ చెల్లవు. అవి రెండు వేర్వేరు ఖాతాలు. మీరు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద భరణం అని విన్నది 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144 అయింది. సంఖ్య మారింది, బాధ్యత అదే. అయితే మన దగ్గర అందరికీ ఒకటో తారీఖు జీతం రాదు. రొయ్యల చెరువు ఆయనకు పంట పట్టినప్పుడే డబ్బు, రొయ్యలకు వైట్ స్పాట్ రోగం వస్తే అదీ లేదు. పొగాకు రైతుకు వేలం అయ్యాకే. అలాంటివాళ్ల చేత నెలకు పదివేలు అని రాయిస్తే మూడో నెల నుంచి బకాయి, ఆరో నెలలో వారంటు. నెలనెలా తప్పకుండా ఇవ్వగలిగిన చిన్న మొత్తం ఒకటి, బడి ఫీజు వంటి పెద్దవాటికి పంట డబ్బు వచ్చే కాలంలో నేరుగా బడికే కట్టేది ఒకటి, అలా రెండుగా రాస్తే నడుస్తోంది.

ఇప్పుడు నాకు నిజంగా కష్టంగా ఉండే విషయం. అప్పగింత. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి బిడ్డ మారే ఆ పది నిమిషాలు. నెలంతా బాగున్న పిల్లలు కూడా ఆ పది నిమిషాల ముందు కడుపు నొప్పి అంటారు. నిజంగానే నొప్పి ఉంటుంది, నటన కాదు. ఎందుకంటే అమ్మా నాన్నా ఎదురుపడే సమయం అదొక్కటే. చెప్పుకోవలసినవన్నీ అక్కడే చెప్పుకుంటారు, బిడ్డ తల మీదుగా. లేదా బిడ్డ నోటితో. "ఫీజు సంగతి మీ నాన్నకు చెప్పు." "ఆ బంగారం సంగతి మీ అమ్మను అడుగు." పోస్టుమానుకు జీతమైనా ఉంటుంది.

ఒకే ఊళ్లో ఉంటే దీనికి మంచి మార్గం ఉంది. శనివారం బడి వదిలాక తండ్రి బడి దగ్గరే ఎక్కించుకుంటాడు, సోమవారం ఉదయం బడి దగ్గరే దింపుతాడు. తల్లి, తండ్రి ఎదురుపడరు. బిడ్డకు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారినట్టే ఉండదు, బడికి వెళ్లి వచ్చినట్టు ఉంటుంది. ఈ ఏర్పాటు చేసిన ఇళ్లల్లో కడుపు నొప్పులు తగ్గడం నేను చూశాను.

పిల్లలు ఇద్దరి మధ్య బతకడానికి వాళ్ల తెలివి వాళ్లు వాడతారు. ఒక అబ్బాయి అమ్మ ఇంటికి వచ్చి "అక్కడ ఏం తిన్నావు?" అంటే "ఏమీ లేదు" అనేవాడు. నాన్న ఇంటికి వెళ్లి అదే ప్రశ్నకు అదే జవాబు. అక్కడ బాగా తిన్నానంటే ఇక్కడ ముఖం మాడుతుందని వాడు కనిపెట్టాడు. ఇద్దరూ ఎదుటివాళ్లు పస్తు పెడుతున్నారని చెరొక పిటిషన్ వేశారు. వాడు మాత్రం రెండు ఇళ్లల్లోనూ వెళ్లగానే రెండోసారి తింటూ బాగా లావెక్కాడు. (నవ్వులు) జడ్జిగారు వాడిని ఒకసారి చూశారు, రెండు పిటిషన్లూ చూశారు, కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

బిడ్డ ఇష్టం అడుగుతారా అని అందరూ అడుగుతారు. 1890 చట్టం పదిహేడో సెక్షన్, తెలిసి చెప్పగల వయసు వస్తే బిడ్డ ఇష్టాన్ని కోర్టు పరిగణించవచ్చు అంటుంది. పరిగణించవచ్చు, అంతవరకే. జడ్జీలు చాలామంది తమ గదిలోకి పిలిచి, మమ్మల్ని బయట ఉంచి మాట్లాడతారు. అందుకని ఇంట్లో పిల్లలకు పాఠాలు మొదలవుతాయి. ఒకసారి ఆరేళ్ల పాప గదిలోకి వెళ్లగానే "మా నాన్న వల్ల నేను తీవ్ర మానసిక క్షోభకు గురయ్యాను" అందట. ఆ మాట మా పిటిషన్లలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా ఉండదు. బిడ్డ మనసును ఒకరి మీద విషంగా మార్చడం గురించి 2017లో వివేక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా ప్రస్తావించింది. నేను తల్లిదండ్రులకు చెప్పేది ఇంకా చిన్నది. "నీకు ఎవరంటే ఇష్టం?" అని మీ బిడ్డను అడగకండి. చుట్టాలను అడగనివ్వకండి. పెళ్లిళ్లలో కొంగు పట్టుకుని లాగి మరీ అడిగే పిన్నమ్మలు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, వాళ్లను దూరంగా కూర్చోబెట్టండి.

ఇంతసేపు ఇద్దరికీ బిడ్డ కావాలి, ఇద్దరూ కొట్టనివాళ్లు అన్న లెక్కతో మాట్లాడాను. కొట్టే ఇల్లు వేరు. తాగి వచ్చి తల్లిని బిడ్డ ఎదుటే కొట్టిన మనిషికి "బిడ్డకు ఇద్దరూ కావాలి" అనే వాక్యం ఒక ఆయుధం అవుతుంది. వారం వారం అప్పగింత పేరుతో ఆమె ఎక్కడుందో తెలుసుకోవడానికి దారి దొరుకుతుంది. 2005 గృహహింస చట్టం ఇరవై ఒకటో సెక్షన్ కింద మేజిస్ట్రేటు బిడ్డ తాత్కాలిక కస్టడీ తల్లికి ఇవ్వవచ్చు, ఎదుటివాడు చూడడం బిడ్డకు హాని అనిపిస్తే చూసే అవకాశం నిరాకరించాలి. అలాంటి ఇంట్లో సర్దుకుపొమ్మని చెప్పే పెద్దమనుషులలో మీరు ఒకరు కాకండి. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. నెల్లూరులోనూ ఒంగోలులోనూ జిల్లా న్యాయసేవాధికార సంస్థలున్నాయి, ఫోను 15100. ఇంట్లో రాసుకున్న రాజీ కాగితానికి బలం కావాలన్నా దారి అటే. లోక్ అదాలత్‌లో పెట్టి అవార్డు తీసుకుంటే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం.

సమయం మించిపోయింది, ఇక మీ ప్రశ్నలు అడగండి.

(వెనక వరుస నుంచి ఒక పెద్దాయన: అమ్మా, మా మనవరాలిని నాలుగేళ్లుగా చూడలేదు. మాకు హక్కు లేదా?)

అయ్యా, 1890 చట్టం ప్రకారం బంధువులెవరైనా సంరక్షకులుగా నియమించమని అడగవచ్చు. కాని మీరు అడుగుతున్నది అది కాదని నాకు తెలుసు. మీకు పాపను పెంచుకోవాలని లేదు, చూడాలని ఉంది. దానికి సూటిగా ఒక సెక్షన్ చూపించలేను. మీ అబ్బాయికి పాపను చూసే రోజులున్నాయా? ఉన్నాయి కదా. ఆ రోజుల్లో ఒక పూట మీ ఇంట్లో అని, మీ పేరూ మీ ఆవిడ పేరూ వేసి ఉత్తర్వులో చేర్చమని మీ అబ్బాయి చేత అడిగించండి. ఈలోగా మీ కోడలికి మీరే ఒకసారి ఫోను చేయండి. అబ్బాయి చేత వద్దు, లాయరు చేత అసలే వద్దు. కేసు సంగతి ఎత్తకుండా, పాపకు కొత్త పళ్లు వచ్చాయా అని అడగండి.

(ఒక ఉపాధ్యాయురాలు: బడి గేటు దగ్గరికి తల్లీ తండ్రీ ఇద్దరూ వచ్చి "బిడ్డను నాతో పంపండి" అంటే మేమేం చేయాలి?)

మీరు తీర్పు చెప్పకండి. కోర్టు ఉత్తర్వు ఉందా అని అడగండి, ఉంటే నకలు తీసుకుని ఫైల్లో పెట్టండి, కొత్తది వస్తే పాతది తీసేయండి. ఉత్తర్వు లేనంతకాలం మీ రిజిస్టరులో ఇద్దరూ తల్లిదండ్రులే. ప్రోగ్రెస్ కార్డు ఇద్దరికీ పంపండి. ఫోనులో ఎవరో చెప్పారని బిడ్డను మూడో మనిషి వెంట పంపకండి. ఇంకొకటి, "మీ కుటుంబం" అని బొమ్మ గీయించేటప్పుడు రెండు ఇళ్లు గీసిన బిడ్డను ఎందుకు రెండు గీశావని అందరి ముందు అడగకండి.

(మరొకరు: ఆ కావలి కేసు ఏమైంది మేడం?)

అదా. అవతలి లాయరు, నేను కూర్చుని ఎనిమిదో పేరా తీసేసి కొత్తది రాశాం. ఇద్దరి సంతకాలూ అయ్యాయి. నకలు ఇప్పటికీ నా దగ్గరుంది, కొత్తగా వచ్చే జూనియర్లకు చూపిస్తుంటాను. చదువుతాను వినండి. "ప్రతి నెల రెండవ, నాలుగవ శనివారము ఉదయం పదిన్నర గంటలకు కావలి బస్టాండులో, నెల్లూరు బస్సులు నిలుచు చోట, తల్లి బాబును తండ్రికి అప్పగించవలెను. ఆదివారము సాయంత్రం నాలుగు గంటలకు అదే చోట తండ్రి తిరిగి అప్పగించవలెను. బస్సు ఆలస్యమైన యెడల మెసేజి పంపవలెను, ఇందు నిమిత్తము ఒకరి నంబరు నొకరు బ్లాక్ చేయరాదు. గంట దాటిన యెడల ఆ వారము బదులు పై వారము. బాబు మందులు, కళ్లజోడు, హోంవర్కు పుస్తకము బాబు సంచిలోనే ఉండవలెను. సంచిలో ఉభయులు ఒకరికొకరు ఉత్తరములు పెట్టరాదు. అప్పగించు సమయమున బాబు ఎదుట బంగారము, బీరువా, కోర్టు వాయిదా ప్రస్తావించరాదు."

తాళంచెవుల పేరా మాత్రం అలాగే ఉంచాం. అది బాగా రాశారు.